పిడికిలి పట్టేంత సందు

ఆమె పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను స్టాఫ్‌రూమ్‌లో ఫ్యాన్ కింద కూర్చుని ఉన్నాను. ఫోన్ పెట్టేసి చేసిన మొదటి పని, కుర్చీని వరండాలో ఎండ పడే చోటికి లాక్కోవడం. ఎందుకు లాక్కున్నావంటే చెప్పలేను. ఆమె ఉన్నన్నాళ్ళూ నన్ను నీడలో చూస్తే ఊరుకునేది కాదు. "నీడకు కూసుంటానికి నువ్వేమన్న పుట్టగొడుగువా టీచరమ్మా?" అనేది. అందులో వెటకారం ఉండేది కాదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగేది.

ములకలపల్లి దాటాక అడవి మొదలయ్యే చోట మాదో ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల. నేను తెలుగు టీచర్ని. ఆమె నర్సు. పేరు చెప్పను. చెప్పినా ఆ చుట్టుపక్కల ఎవరూ గుర్తుపట్టరు. పిల్లలకీ, పిల్లల తల్లులకీ, బస్సు కండక్టర్లకీ ఆమె సిస్టరే. నడకతో మాత్రం దూరం నుంచే ఎవరైనా గుర్తుపట్టేవారు. మోకాళ్ళ దగ్గర రెండు కాళ్ళూ బయటికి వంగి ఉండేవి. అడుగేసినప్పుడల్లా ఒళ్ళు అటూ ఇటూ ఊగేది. చెప్పులు బయటి అంచున అరిగిపోయేవి. చెప్పుల షాపువాడు ప్రతిసారీ ఏమైందమ్మా అని అడుగుతాడనీ, ఎముకలకు తిండి లేక అని తను చెబుతుందనీ, వాడికి అర్థం కాదనీ నాతో చెప్పేది.

ఎదుటివాళ్ళ ముఖం చూసే అలవాటు ఆమెకు లేదు. ముందు పాదాలు, తర్వాత మోకాళ్ళు, ఓపిక మిగిలితే ముఖం. ఒకసారి ఇద్దరం కొత్తగూడెం బస్టాండులో ఉండగా చంకలో బిడ్డతో ఒకామె వచ్చి నమస్తే సిస్టర్ అంది. ఈమె కిందికి చూసింది. "ఏడో తరగతిల ఎడమకాలు గుంజుతుందని ఏడ్శిన పిల్లవు గదా," అంది. ఆ అమ్మాయి మురిసిపోయింది. వెంటనే చంకలో బిడ్డను దింపించి, మడమలు కలిపి నిలబెట్టించి, మోకాళ్ళ మధ్య చెయ్యి పెట్టి చూసింది. బస్సు వెళ్ళిపోయింది. తర్వాతి బస్సు దాకా నేను మాట్లాడలేదు. నేను అలిగానని ఆమెకు తెలియనే లేదు.

ఆమె పుట్టి పెరిగింది బొగ్గు గనుల క్వార్టర్లో. తండ్రి గనిలో దిగేవాడు. దుమ్ము పడుతుందని తల్లి కిటికీలు మూసి ఉంచేది. అంతకన్నా పెద్ద కారణం, ఆడపిల్ల ఎండకు నల్లబడుతుందని. అటు తిండీ అంతంతమాత్రమే. నడక వచ్చిన కొద్దిరోజులకే కాళ్ళు వంగడం మొదలైంది. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు, దవాఖానాకు మాత్రం పెద్దయ్యాక తీసుకెళ్ళారు. అప్పటికి ఎముక పెరగడం ఆగిపోయింది. ఈ కథంతా ఆమె రెండు ముక్కల్లో ముగించేది.

"మా నాయన భూమి కింద ఉండి ఎండ జూడలే. నేను భూమి మీద ఉండి జూడలే. ఆయనకు జీతమన్న ఇచ్చిండ్రు."

ఈ మాట చెప్పేటప్పుడు నవ్వేది కాదు. ఎదుటివాళ్ళు నవ్వాలా వద్దా అని తేల్చుకునేలోపు చీర కుచ్చెళ్ళు పిక్కల దాకా ఎత్తి కాళ్ళు చూపించేది. తల్లులకు చూపించేది, టీచర్లకు చూపించేది, తనిఖీకి వచ్చిన ఆఫీసర్లకు కూడా చూపించేది. ఒకాయన గోడమీది చార్టు చూపించి ఇది చాలు కదమ్మా అన్నాడు. చార్టు వర్షానికి చెమ్మెక్కుతుందని ఆమె జవాబు. ఆయన ఆ తర్వాత టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆమె వచ్చిన ఏడాదే మా బడిలో మొదటి పీరియడు ఆరుబయటికి మారింది. హెడ్‌మిస్ట్రెస్‌ను ఎలా ఒప్పించిందో నాకు తెలియదు. బహుశా కాళ్ళు చూపించి ఉంటుంది. ఆ మొదటి పీరియడు నాది. శతక పద్యాలు ఎండలో చెప్పాల్సి వచ్చింది. పిల్లలు వీపులు ఎండకు పెట్టి హాయిగా కూర్చునేవారు. నేను వాళ్ళకు ఎదురుగా, సూర్యుడికి ఎదురుగా. ఆ ఏడు సెలవులకు పెనుబల్లిలో మా అత్తగారింటికి వెళ్తే ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "పాఠాలు చెబుతున్నావా అమ్మాయీ, మిరపకాయలు ఏరబోతున్నావా?" అంది. తిరిగొచ్చి ఈమెతో దెబ్బలాటకు దిగాను. నా రంగు పోతోందన్నాను. ఆమె నా ముంజేయి పట్టుకుని నొక్కి చూసింది.

"నలుపు ఎముకకు అంటదు," అంది. ఇక దాని మీద చర్చ లేదు.

పెద్ద పిల్లలకు గంతులు పెట్టేది. వరండా మెట్టు ఎక్కడం, దూకడం, మళ్ళీ ఎక్కడం. తాడాట అయితే పాత చీరల అంచులు పేని తనే తాళ్ళు చేసేది. తొమ్మిదీ పదీ తరగతుల పిల్లలు ముందు నోళ్ళు నొక్కుకున్నారు. ఈడొచ్చిన ఆడపిల్లలు గంతులేయకూడదని ఇళ్ళలో చెప్పి పంపారు మరి. హెడ్‌మిస్ట్రెస్ కూడా ఆ మాటే అంది. ఎముక గట్టిపడేదే ఆ వయసులోననీ, కుదిపితేనే దానికి గట్టిపడాలని తెలుస్తుందనీ, ఇప్పుడు కూర్చోబెడితే తర్వాత ఎంత పెట్టినా అంతేననీ ఈమె చెప్పింది. ఆవిడ ఆలోచిస్తుండగానే గంట కొట్టించి పిల్లల్ని మెట్టెక్కించింది. మా బడి కట్టినప్పటినుంచీ ఆ మెట్టు మీద అంత దుమ్ము ఎప్పుడూ లేవలేదు.

ఇక ఆమె కొలత. టేపూ లేదు, స్కేలూ లేదు. పిల్ల చెప్పులు విడిచి మడమలు కలిపి నిటారుగా నిలబడాలి. ఈమె ముందు కూర్చుని పిడికిలి బిగించి మోకాళ్ళ మధ్య పెట్టేది. పిడికిలి పట్టకపోతే "పట్టట్లే, పో" అనేది. పట్టిందంటే ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టి, ఏం తిన్నది, ఎప్పుడు పడ్డది, ఎముక ఎప్పుడన్నా విరిగిందా, ఎక్కడ నొప్పి అని అడగడం మొదలుపెట్టేది. అడిగి అడిగి డాక్టరు దగ్గరికి తీసుకుపోయేది. పిల్లలకు ఒకటే కోరిక, సిస్టర్ మోకాళ్ళ మధ్య తమ పిడికిలి పెట్టి చూడాలని. ఎవరు అడిగినా ఒకటే జవాబు.

"నేను పోయినంక కొలుసుకోండ్రి. అప్పుడు కదలను."

ఆ పిల్లల్లో ఒకతె సమ్మక్క.

నాలుగో తరగతిలో చేరింది. ఊరు వాగు అవతల, అడవి లోపల. సన్నగా, చురుగ్గా ఉండేది. కాళ్ళు మాత్రం సిస్టర్ కాళ్ళే. చేరిన కొద్దిరోజులకే బెంచీ మీదినుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. అంత చిన్న బెంచీ మీదినుంచి పడితే ఎముక ఎందుకు విరిగిందని మేమెవరం అనుకోలేదు. ఈమె అనుకుంది. భద్రాచలంలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. నన్నూ వెంట లాక్కెళ్ళింది, పిల్లను పట్టుకోవడానికి.

డాక్టరు మోకాళ్ళ ఎక్స్‌రే పైకెత్తి చూపించాడు. ఎముకల చివర్లు నున్నగా ఉండాల్సింది పోయి చీపురు కొనల్లా చీలినట్టున్నాయి. ఎండ తగలకనేనని ఈమె వెంటనే తీర్పు చెప్పేసింది. ఆయన సమ్మక్కను చూశాడు. ఎండలో పుట్టి ఎండలో పెరిగిన పిల్ల. రక్తపరీక్షలో ఎండ ఇచ్చే డి విటమిన్ లోటు పెద్దగా లేదన్నాడు. లోటంతా కాల్షియంది, అంటే ఎముకకు కావాల్సిన సున్నం తిండిలో చాలడం లేదన్నాడు. ఈమె ముఖం మాడిపోయింది. ఎండ కాకుండా మరో కారణం ఉండటం ఆమెకు అవమానంగా తోచింది.

బిళ్ళలు రాశాడు. అవి పిల్ల కడుపులో నిలవలేదు, మింగిన ప్రతిసారీ వాంతి. అయితే పాలు, పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు అన్నాడు. పిల్ల ఇంకా పెరుగుతోంది కాబట్టి ఎముకకు తిండి అందితే కాళ్ళు వాటంతటవే చాలావరకు సర్దుకుంటాయి. అందకపోతే పెద్ద ఆపరేషన్, అదీ హైదరాబాదులో, ఎముక కోసి తిన్నగా కూర్చోబెట్టాలి. ఈ మాటలన్నీ ఈమె తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాకు మళ్ళీ చెప్పింది, నేను పక్కనే లేనట్టు.

మా హాస్టల్‌కు పాలు వాచ్‌మన్ ఆవువే. వంటగది వెనక కొట్టం. పొద్దున్నే దూడను రాటకు కట్టేసి ఆవును పిండేవాడు. ఆ దూడ అరుపుతోనే మాకు తెల్లవారేది. సమ్మక్కకు రెండు పూటలా గ్లాసు నిండా పాలు, ఈమె స్వయంగా పోసేది. గ్లాసు ఖాళీగా తిరిగొచ్చేది. ఈమె మందుల గది గుమ్మంలో నిలబడి ఆ ఖాళీ గ్లాసును చూసి తలూపేది.

ఆరు నెలల తర్వాత మళ్ళీ భద్రాచలం. మళ్ళీ ఎక్స్‌రే. ఆ చీపురు కొనలు అలాగే ఉన్నాయి. పాలు తాగుతున్నదా అని డాక్టరు అడిగాడు. రోజూ, నా చేత్తో పోస్తున్నానని ఈమె ఒట్టేసింది. ఇంకో ఆరునెలలు చూద్దాం, మార్పు లేకపోతే ఆపరేషన్ గురించి ఆలోచించక తప్పదన్నాడు.

సమ్మక్క తండ్రిని పిలిపించారు. పొడుగాటి మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. అంతా విన్నాడు.

"విరిగిన ఎముక కట్టేటోళ్ళను జూసిన గని, బాగున్నదాన్ని విరగ్గొట్టేటోళ్ళను జూడలే," అన్నాడు. "ఆడిదాక వస్తే పిల్లను ఇంటికి తోల్కపోత. మల్ల బడికి పంప."

సమ్మక్క పక్కనే నిలబడి వింటోంది. ఆ పిల్లకు బడంటే ప్రాణం. లెక్కలంటే మరీను. తండ్రి ముందు ఏడవలేదు. ఆయన గేటు దాటాక వచ్చి ఈమె కొంగు పట్టుకుంది. ఈమె కొంగు విడిపించుకోలేదు. "ఆరునెల్లున్నయి గదనే," అని మాత్రం అంది. ఆ గొంతులో ధైర్యం లేదని నాకు తెలిసింది, పిల్లకు తెలియలేదనుకుంటాను.

అప్పటినుంచి ఈమె నిద్రపోతున్నట్టు కనిపించలేదు. పాలల్లో నీళ్ళు కలుస్తున్నాయేమోనని వాచ్‌మన్‌తో కయ్యం పెట్టుకుంది. పాలు చిక్కగానే ఉన్నాయి. వాచ్‌మన్‌కు పౌరుషం వచ్చింది. నా మేత సంగతి నీకేం తెలుసు, చుక్క మిగలకుండా పిండుకుంటున్నా నా దూడ ఎట్లుందో చూడు అని కొట్టం దగ్గరికి లాక్కెళ్ళాడు. నేనూ వెళ్ళాను, వేడుక చూడటానికి.

ఈమె దూడ ముఖం చూడలేదు. కాళ్ళు చూసింది. వంగి నాలుగు మోకాళ్ళూ తడిమింది. చాలాసేపు తడిమింది.

"తల్లిపాలు లేకుండ గింత గట్టి ఎముక ఎట్లొచ్చింది?" అంది.

వాచ్‌మన్ అది మెచ్చుకోలనుకున్నాడు.

ఆ సాయంత్రం పాలు పోసిన తర్వాత ఈమె మందుల గదిలోకి పోకుండా వంటగది చుట్టూ తిరిగి కొట్టం వైపు నడిచింది. నేను వెనకే. అక్కడ పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు, గ్లాసులతో. మేం ప్రార్థనకు అంత తిన్నగా ఎప్పుడూ నిలబెట్టలేకపోయాం. ముందు సమ్మక్క. గ్లాసులో పాలు దూడ ముందున్న గిన్నెలో వంపింది. దూడ తోక ఆడిస్తూ తాగింది. తర్వాతి పిల్ల వంపింది. మా హాస్టల్లో సర్కారు పాలతో ఎముకలు గట్టిపడింది దూడకొక్కదానికే.

నాకు ఒళ్ళు మండిపోయింది. పాడి ఇంట్లో పుట్టినదాన్ని, పాలు ఒలికితే మా అమ్మ వీపు చీరేసేది. నోరు తెరిచానో లేదో, ఈమె నన్ను ఊకో అన్నట్టు చేత్తో ఆపింది. పిల్లల దగ్గరికి వెళ్ళి నేల మీద కూర్చుంది. ఆ కాళ్ళతో కింద కూర్చోవడం ఆమెకు మామూలు విషయం కాదు.

"ఎందుకు పోస్తున్నవే?" అని అడిగింది.

సమ్మక్క తల వంచుకుంది. "దాని పాలు గద సిస్టర్," అంది. "మా నాయనమ్మ తాగనియ్యదు. దూడ నోట్లది తీస్కోవద్దంటది. ఇది పొద్దుగాల గంత ఏడుస్తది గద."

ఒకప్పుడు ఆవు పాలు ముట్టని ఆ అడవి ఊళ్ళలోనూ ఇప్పుడు చాలా ఇళ్ళలో పాలు పోసి టీ కాచుకుంటున్నారు. సమ్మక్క నాయనమ్మది మాత్రం పాత పట్టింపు. మిగతా పిల్లలు ఏ పట్టింపూ లేనివాళ్ళే, దూడ ఏడుపు వినలేక సమ్మక్క వెనక చేరారు. ఈ రెండు గ్లాసుల మీద తన చదువు ఆధారపడి ఉందని ఆ పిల్లకు తెలుసు. తెలిసీ పోసింది. ఆ మాటకు నా కోపం ఎటుపోయిందో తెలియదు. ఈమె మాత్రం దూడను ఇంకోసారి చూసింది, పిల్లను చూసింది.

"మరి మీ ఇంట్ల ఏం తింటరు?"

పిల్లకు నోరు పెగిలింది. వాగులో చిన్నచేపలు, ముళ్ళతో సహా నమిలేస్తారట. ఎండ్రకాయల పులుసు. నాయనమ్మ కాచే రాగి అంబలి. మునగాకు. నువ్వులు దంచి ముద్ద. అయితే ఈ మధ్య వాగులో చేపల్లేవు, ఇంట్లో అంతా రేషన్ బియ్యమే. హాస్టల్లో అన్నం, పప్పుచారు. చెబుతూ చెబుతూ లొట్టలేసింది.

"గదే తిను," అంది ఈమె. లేవడానికి నా చెయ్యి అడిగింది.

ఆ మర్నాటినుంచి మా హాస్టల్ వాసన మారిపోయింది. భద్రాచలం సంతనుంచి ఎండు చిన్నచేపలు తెచ్చేది. వేయించి, నువ్వులూ ఎండుమిర్చీ వేసి దంచి పొడి చేసేది. పిల్లలు ఎగబడ్డారు. పొద్దున రాగిజావ, పప్పులో పిడికెడు మునగాకు. ఆదివారం ఎవరి వాగులోనైనా దొరికితే ఎండ్రకాయలు. నా చీరలన్నిటికీ చేపల వాసన పట్టింది. బీరువాలో కర్పూరం పెట్టినా పోలేదు. ఇవేవీ మెనూలో లేవని వార్డెన్ అభ్యంతరం చెప్పింది.

"మెనూల దూడ గూడ లేదు," అంది ఈమె.

పాలకు బదులు వేరే తిండి పెడుతున్నానని మాత్రం డాక్టరుకు ఫోన్లో చెప్పి, ఇష్టమైనవాళ్ళకే పాలు ఉంచి, దూడను ముందు కడుపునిండా తాగనిచ్చాకే ఆవును పిండాలని వాచ్‌మన్‌కు రూలు పెట్టింది. ఆయన ఆమెతో ఏడాదిపాటు మాట్లాడలేదు. ఆమె అదీ గమనించలేదు.

గడువు రోజు వచ్చింది. ఎక్స్‌రే తీసే గది బయట ఈమె కూర్చోలేదు, ఊగుతూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. సమ్మక్క తండ్రి కూడా వచ్చాడు, పిల్ల బట్టల మూటతో. అక్కణ్ణుంచి అటే తీసుకుపోదామని. ఆ మూట చూడలేక నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను.

డాక్టరు చాలాసేపు ఆ ఫిల్మునే చూశాడు. కొనలు సర్దుకుంటున్నాయి, ఆపరేషన్ మాట ఇప్పుడు అవసరం లేదన్నాడు. ఏం పెట్టారని అడిగాడు.

"చేపలు సార్," అంది ఈమె. "ముందు ఆర్నెల్లు పాలు తాగింది దూడ."

ఆయన పెన్ను కింద పెట్టేశాడు. తండ్రి మూట తీసి పిల్ల చేతికిచ్చి, బస్టాండు దాకా మాతో వచ్చి, వాళ్ళ ఊరి బస్సు తను ఒక్కడే ఎక్కాడు.

కాళ్ళు ఒక్కసారిగా తిన్నగా కాలేదు. ఏళ్ళు పట్టింది. ప్రతి టర్మ్‌కూ మడమలు కలపడం, పిడికిలి, తల అడ్డంగా ఊపడం. సమ్మక్క తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు ఈమె పిడికిలి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. "పట్టట్లే," అంది. "పో, గంతెయ్యి." అంతే. తర్వాత వచ్చి స్టాఫ్‌రూమ్‌లో నా పక్కన ఫ్యాన్ కింద కూర్చుంది. నీడలో. టీ తెప్పించుకుని మొత్తం తాగింది. ఆమె నీడకు కూర్చోగా నేను చూసింది ఆ ఒక్కసారే. నాకు చాలా సంతోషంగా ఉండింది. ఆ మాట చెప్పబోతే, నా మోచేతులు బలహీనంగా కనబడుతున్నాయి, జావ తాగుతున్నానా అని అడిగింది.

ఫోన్ వచ్చిన మర్నాడు పొద్దున కొత్తగూడెం వెళ్ళాను. క్వార్టర్ల మధ్య సందులో టెంటు వేశారు. గుండె ఆగిందట, మా బడినుంచి బదిలీ అయి వెళ్ళిన చోట, పనిచేస్తూ చేస్తూనే. సమ్మక్క వచ్చింది, భద్రాచలంలో బట్టల షాపులో పనిచేస్తోంది, రోజంతా నిలబడే ఉద్యోగం. నన్ను చూసి దగ్గరికొచ్చి నిలబడింది.

కాళ్ళ బొటనవేళ్ళు కలిపి కట్టారు. మడమలు కలిశాయి. మోకాళ్ళు కలవలేదు. కప్పిన తెల్లబట్ట కింద ఆ సందు తెలిసిపోతోంది. చుట్టాల్లో ఒక పెద్దామె చూడటానికి బాగుండదని, మోకాళ్ళ దగ్గర గుడ్డతో బిగించి కట్టమంది. ఇద్దరు మగవాళ్ళు గుడ్డ చుట్టి చెరోవైపు లాగబోయారు. అన్నేళ్ళు ఊరందరికీ చూపించుకున్న కాళ్ళవి.

"ఆగుండ్రి," అంది సమ్మక్క.

ఎవరీ పిల్ల అన్నట్టు చూశారంతా. ఆమె వెళ్ళి పాదాల దగ్గర కూర్చుంది. మడమలు కలిసి ఉన్నాయో లేదో సరిచూసింది. పిడికిలి బిగించి బట్టమీదినుంచే మోకాళ్ళ మధ్య పెట్టింది. దాని పక్కన రెండో పిడికిలి పెట్టింది. అదీ పట్టింది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు నాకు అప్పుడొచ్చింది.

సమ్మక్క గుడ్డముడి విప్పి పక్కన పెట్టి నావైపు తిరిగింది.

"రెండు పట్టినయ్ టీచర్," అంది. "కదల్లే."